ఆ ఎండు పుల్లల్ని కొయ్యనివ్వకు

గుంటూరు,
సెప్టెంబర్ 6

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో మీ అమ్మా నేనూ మళ్లీ మళ్లీ చూశాం. మీ వాకిట్లో గుత్తులుగా పూసే హైడ్రేంజియా మొక్క నడుమెత్తు పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. ఎరువు తక్కువైందా అని అడిగావు. ఎరువు కాదు తల్లీ, తప్పు నాది. పోయిన అక్టోబర్‌లో మీ ఇంటి నుంచి బయల్దేరే ముందు దాన్ని మోకాలెత్తుకి కత్తిరించి వచ్చాను.

మన పెరటి మల్లెకి చేసినట్టే చేశాను. ఇక్కడ చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే వేసవిలో కొత్త చిగుళ్లకి విరగబూస్తుంది కదా. మీ వాకిట్లో ఉన్న పెద్దాకుల రకం అలా కాదట. అది పాత కొమ్మ మీద పూస్తుంది. మీ దగ్గర వేసవి చివర్లోనే వచ్చే ఏటి మొగ్గలు కొమ్మ కొసల్లో కట్టుకుంటాయి. పైకి మామూలు చిగురులాగే ఉంటాయి కాబట్టి నాకు తెలియలేదు. నేను కోసిన కొమ్మలతోపాటే ఈ ఏటి పూలన్నీ పోయాయి. ఇది చదివి తెలుసుకున్న రోజు నాకు అన్నం సయించలేదు.

అందుకని ఈ ఫాల్‌లో, అదే మీ ఆకురాలే కాలంలో, దాని దగ్గరికి కత్తెర రానివ్వకు. గడ్డి కోసే అతనికీ ముందే చెప్పు. ఆకులు రాలాక కొమ్మలు ఎండు పుల్లల్లా కనిపిస్తాయి, చూసిన ప్రతివాళ్లకీ కొట్టెయ్యాలనిపిస్తుంది. పూసిన ఏడాది వాడిన పూగుత్తుల్ని మాత్రం, వాటి కింద కనిపించే మొదటి జత మొగ్గలకి కాస్త పైన కోసి, జులై దాటకుండా తీసెయ్యొచ్చు.

న్యూజెర్సీ చలి గురించే నా టెన్షన్. నవంబర్ చివర్లో మీ ఓక్ ఆకుల్ని సంచుల్లో కట్టి పారెయ్యకు. మొక్క చుట్టూ నాలుగు కర్రలు పాతి, తీగ జాలీ చుట్టి, లోపల పొడి ఆకులు కొమ్మల కొసలు మునిగేదాకా నింపు. మొగ్గలు ఉండేది కొసల్లో కాబట్టి మొదలు కప్పితే చాలదు. ఏప్రిల్‌లో ఎండ చూసి ఆకులు తీసేశాక కూడా మళ్లీ గడ్డకట్టే రాత్రులు వస్తాయి. చలికాలమంతా ఓర్చుకున్న మొగ్గ ఆ ఒక్క రాత్రికి మాడిపోతుంది. పాత దుప్పటి ఒకటి గరాజ్‌లో ఉంచుకో. రాత్రి కప్పి, పొద్దున్నే తీసెయ్యి.

ఎండాకాలం మధ్యాహ్నం ఆకులు వేలాడేస్తే వెంటనే పైపు పట్టుకోకు. సాయంత్రానికి తేరుకుంటే దానికి నీళ్లు చాలినట్టే. తేరుకోకపోతే మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటే మొక్క మొదలు దగ్గర నిదానంగా, లోతుకి దిగేలా పొయ్యి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న ఆ చోటు దానికి సరిగ్గా సరిపోయింది. మన గుంటూరు ఎండకి ఇది నిలవదు. ఊటీలో గుబురుగా చూసినప్పుడు నువ్వు ఏడో తరగతి, గుర్తుందా?

పాప పోయినేడు అడిగింది, ఒకే చెట్టుకి మెట్ల వైపు పింకు, ఇటు నీలం ఎందుకు తాతయ్యా అని. ఇప్పుడు చెప్పు. మట్టి పుల్లగా ఉంటే అందులోని అల్యూమినియం వేళ్లకి అంది పువ్వు నీలమవుతుంది. మెట్ల సిమెంటులోంచి సున్నం దిగిన చోట అది అందదు, అందుకే పింకు. మట్టి పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 5.5 కంటే తక్కువుంటే నీలం, 6.5 దాటితే పింకు, మధ్యలో ఊదా. అంతా నీలం కావాలని పాప పట్టుబడితే ముందు రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల ల్యాబ్‌లో మట్టి పరీక్ష చేయించు. మట్టిని పుల్లగా చేసే అల్యూమినియం సల్ఫేట్ ఊరికే గుప్పిస్తే వేళ్లు మాడతాయి. ఆకులు నోట్లో పెట్టుకోవద్దని కూడా చెప్పు, అందులో విషం ఉంది.

మేలో ఇంకా చిగురు రాలేదని బెంగపడి ఏదీ కొయ్యకు. గోటితో బెరడు కొంచెం గీకి, నాకు వీడియో కాల్ చేసి చూపించు. లోపల పచ్చగా, ప్రాణంతో ఉందో లేదో కలిసి చూద్దాం.

మీ నాన్న