పాత బ్యాటరీకి పంచనామా చేయకుండా కొత్తది పెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

కరెంటు పోయినప్పుడు ఆదుకునే ఇన్వర్టర్‌కు బ్యాటరీ మార్చడమంటే పాతదాన్ని పక్కకు జరిపి, కొత్తదాన్ని దించి, రెండు తీగలు బిగించడమేనని మనలో చాలామంది అనుకుంటారు. బిగించడానికి వచ్చేవారిలోనూ కొందరు అలాగే అనుకుంటారని మా ఇంట్లో జరిగిన ఒక నష్టం వల్ల తెలిసింది. పాత బ్యాటరీ ఎందుకు పోయిందో తేల్చుకోకుండా కొత్తది పెడితే, పాతదాన్ని తినేసిన లోపమే కొత్తదాన్నీ తినేస్తుంది. అందుకే ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో మొదట ఉన్నది 150 ఆంపియర్ అవర్ల ఫ్లాట్ ప్లేట్ బ్యాటరీ, అంటే లోపల చదునైన సీసపు పలకలు ఉండేది. అది నాలుగేళ్లు పనిచేసి, సహజంగానే అలిసిపోయింది. దాని స్థానంలో, ఎక్కువ కాలం మన్నుతుందని అంతే సామర్థ్యం గల ట్యూబులర్ బ్యాటరీ, అంటే పాజిటివ్ పలకలు గొట్టాల రూపంలో ఉండేది, పెట్టించాం. వచ్చిన మెకానిక్ పావుగంటలో తీగలు బిగించి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి, పాతదాన్ని ఎత్తుకుని వెళ్లిపోయారు. ఆ తరువాత నెలలు గడుస్తున్నా ఆరు మూతల మీద నీటి మట్టం చూపే పుల్లలు ఆకుపచ్చ గీత దగ్గరి నుంచి కదల్లేదు. మా బ్యాటరీ అసలు నీళ్లే తాగదని తెలిసినవారందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఏడాదిన్నర తిరిగేసరికి మూడు గంటలు రావలసిన బ్యాకప్ అరగంటకు దిగింది.

ఈసారి వచ్చిన పెద్దాయన తీగల జోలికి పోకుండా, దీనికి ముందు ఏ రకం బ్యాటరీ ఉండేదని అడిగారు. తరువాత సంచిలోంచి ఆమ్లం సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ తీసి, దాని రబ్బరు బుడ్డిని నొక్కి, మొదటి సెల్లులో, అంటే మొదటి మూత కింది గదిలో, ముంచి వదిలారు. గాజు గొట్టంలోకి ఆమ్లం ఎక్కింది గానీ అందులోని తేలుడు కడ్డీ లేచీ లేవనట్టుగా అడుగునే తచ్చాడింది. గ్రావిటీ అనే ఆ అంకె 1.180, అంటే ఆమ్లం నీటికి 1.180 రెట్లు బరువు. ఇన్వర్టర్ ముందు భాగంలో మాత్రం ఛార్జింగ్ పూర్తయిందని సూచించే దీపం రాత్రి నుంచీ వెలుగుతూనే ఉంది. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీలో ఆ అంకె తయారీదారును బట్టి 1.240 నుంచి 1.280 వరకు ఉండాలి. ఆయన తక్కిన అయిదు సెల్లులూ చూశారు, అన్నీ ఇంచుమించు అక్కడే ఉన్నాయి. ఒక సెల్లు మాత్రమే పడిపోయి అయిదు బాగుంటే తప్పు బ్యాటరీది, ఆరూ ఒకే తీరుగా పడిపోతే తప్పు దానికి తిండి పెట్టేవాడిది అని ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అప్పుడు మల్టీమీటర్ తెచ్చి ఛార్జింగ్ వోల్టేజీ చూస్తే 13.6 వోల్టులు దాటడం లేదు. ఇన్వర్టర్‌ను గోడ దగ్గర నుంచి ముందుకు లాగి, వెనక టార్చి వేసి చూపించారు. బ్యాటరీ రకాన్ని బట్టి ఛార్జింగ్ వోల్టేజీని మార్చే గోరంత స్విచ్చు ఒకటి, దాని పక్కన చీమ తలకాయలంత అక్షరాలు. అది తక్కువ వోల్టేజీ ఇచ్చే ఫ్లాట్ వైపు ఉంది. మొదటి బ్యాటరీ రోజుల్లో సరిగ్గానే ఉన్న ఆ స్విచ్చును, రకం మారిన రోజున ఎవరూ ముట్టుకోలేదు. మా బ్యాటరీ నీళ్లు తాగకపోవడానికి కారణం దాని మంచితనం కాదు, దానికి ఏనాడూ కడుపు నిండలేదు.

దీనివెనుక ఉన్న సంగతి చదువరులు తెలుసుకోదగినది. 1859లో గాస్తోన్ ప్లాంటే రూపొందించిన నాటి నుంచి సీసం, ఆమ్లం బ్యాటరీ పనిచేసే మూలసూత్రం మారలేదు. కరెంటు వాడుకుంటున్నప్పుడు ఆమ్లంలోని సల్ఫేట్ వెళ్లి పలకలకు సీసపు సల్ఫేట్‌గా అంటుకుంటుంది, ఛార్జి చేసినప్పుడు తిరిగి ఆమ్లంలోకి వస్తుంది. ఛార్జింగ్ ప్రతిసారీ అరకొరగా ఆగిపోతే పలకల మీద మిగిలిపోయిన సల్ఫేట్ రోజులు గడిచేకొద్దీ గట్టి పలుకులుగా మారి, ఇక ఊడిరానని మొండికేస్తుంది. పైగా ఎత్తయిన ట్యూబులర్ బ్యాటరీలో బరువైన ఆమ్లం అడుగుకు దిగిపోతుంది. 14 వోల్టులు దాటి ఛార్జి అవుతున్నప్పుడు వచ్చే బుడగలే దాన్ని కలియబెడతాయి. ఆ బుడగలతోనే కొంత నీరు ఖర్చవుతుంది కాబట్టి, మూతలున్న బ్యాటరీ నెలల తరబడి చుక్క నీరు అడగకపోవడం సంతోషించవలసిన విషయం కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ పెద్దాయన రెండు రోజులపాటు నెమ్మదిగా ఛార్జి చేసి చూశారు గానీ అంకె 1.200 దగ్గర ఆగిపోయింది. మళ్లీ కొత్తది కొనక తప్పలేదు. అమ్మినవారు ఇది తయారీ లోపం కాదని వారంటీ ఇవ్వలేదు. కోపం వచ్చిన మాట నిజమే గానీ, అక్షరాలా చూస్తే వారు చెప్పింది తప్పు కాదు.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. మూతలు లేని సీల్డ్ బ్యాటరీ పెట్టి, స్విచ్చును ఎక్కువ వోల్టేజీ వైపు వదిలేస్తే లోపలి నీరు వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది. తిరిగి నీరు పోయడానికి దారి లేదు కాబట్టి అది ఎండిపోయి, వేడెక్కి, పక్కలు ఉబ్బుతాయి.

బ్యాటరీ పోయిందని తీర్పు చెప్పే ముందు చూడవలసిన మరొక చోటు టెర్మినళ్లు, అంటే బ్యాటరీ మీద తీగలు బిగించే రెండు సీసపు కంబాలు. ఇన్వర్టర్ 600 వాట్ల లోడు మోస్తున్నప్పుడు యంత్రంలో పోయే నష్టంతో కలిపి 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 60 ఆంపియర్లు ప్రవహిస్తాయి. తెల్లని బూజు పట్టిన కొన దగ్గర ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఏర్పడినా అక్కడే 0.6 వోల్టు మాయమై, 36 వాట్ల వేడి పుడుతుంది. బ్యాటరీ నిక్షేపంగా ఉన్నా, ఇన్వర్టర్ మాత్రం దానిలో సరుకు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. అందుకని లోడు పెట్టి, వోల్టేజీని ఒకసారి తీగ చివర ఉండే లోహపు బిళ్ల (లగ్గు) మీద, మరొకసారి బ్యాటరీ కంబం మీద కొలవాలి. రెండింటికీ తేడా ఉంటే కావలసింది కొత్త బ్యాటరీ కాదు, వంట సోడా కలిపిన నీళ్లు, పాత బ్రష్షు, ఆ తరువాత పలచగా పెట్రోలియం జెల్లీ. సోడా నీళ్లు మూతల సందుల్లోంచి సెల్లులోకి మాత్రం దిగకూడదు. లోడు లేనప్పుడు 12.6 వోల్టులు చూపించి, నాలుగు ఫ్యాన్లు వేయగానే కంబాల మీదనే 10కి జారిపోయే బ్యాటరీకి మాత్రం నిజంగానే ఆయువు తీరినట్టు.

మార్చే పనిలో జాగ్రత్తల సంగతి కూడా చెప్పాలి. గోడ ప్లగ్గు తీసి, ఇన్వర్టర్ ఆపి, ముందుగా నెగెటివ్ తీగ విప్పాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. చేతికి ఉంగరం గానీ లోహపు గడియారం గానీ ఉండకూడదు. 12 వోల్టులు షాకు కొట్టవు కదా అన్న ధీమాతో స్పానర్‌ను రెండు కంబాల మధ్య ఆనించినవారు, అది క్షణాల్లో ఎర్రగా కాలడం చూసి ఉంటారు. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకోవడం పెద్ద పని కాదు. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది కనుక బ్యాటరీని మూసిన అలమరలో పెట్టకూడదు. ఎరుపు, నలుపు తారుమారైతే బ్యాటరీ కంటే ముందు ఇన్వర్టర్ పోతుంది. రెండు బ్యాటరీలతో నడిచే 24 వోల్టుల యంత్రంలో ఒకటే పోయినా, పాతదాని పక్కన కొత్తదాన్ని జత చేస్తే కొత్తది కూడా త్వరగానే పాతదాని దారి పడుతుంది.

వేడి విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 25 డిగ్రీలకు పైన ప్రతి 8 నుంచి 10 డిగ్రీల పెరుగుదలకూ ఈ బ్యాటరీల ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుంది. ఎండ తగిలే వసారాలో పెట్టిన బ్యాటరీ మూడేళ్లకే పోతే, అదే చోట అంతకంటే ఖరీదైన బ్యాటరీ పెట్టడం సమస్యకు జవాబు కాదు.

బ్యాటరీకి అంటించే కాగితం మీద ముద్రించే అంకెలో ఒక తిరకాసు ఉంది. 150 ఆంపియర్ అవర్లు అన్న మాటకు పక్కనే చిన్నగా సీ20 అని ఉంటే, దాని అర్థం 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇస్తుందని. అదే బ్యాటరీ నుంచి 60 ఆంపియర్లు లాగితే లెక్క ప్రకారం రెండున్నర గంటలు రావాలి గానీ, వేగంగా లాగేకొద్దీ దిగుబడి తగ్గుతుంది కనుక నిజానికి అంత రాదు. సీ10 అంటే 10 గంటల్లో ఇచ్చే లెక్క కనుక, సీ10 అని ముద్రించిన 150, సీ20 అని ముద్రించిన 150 కంటే ఎక్కువ సరుకు ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవారికి ఈ ఒక్క గుర్తు చూసుకోమని చెప్పేవారు తక్కువ.

కంప్యూటర్ కింద పెట్టుకునే చిన్న యూపీఎస్‌ల పరిస్థితి వేరు. వాటిలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ. అది మూడు నుంచి అయిదేళ్లలో పోవడం మామూలే. కుయ్యి కుయ్యిమంటోందని యంత్రాన్నే పారేసేవారిని చూశాను. చాలా యంత్రాల్లో నాలుగు స్క్రూలు విప్పితే లోపలి బ్యాటరీని మార్చుకోవచ్చు. అయితే అది ఉబ్బి ఇరుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడిచి లాగకూడదు.

ఇటీవల పాతదాని స్థానంలో లిథియం పెట్టుకోవాలనుకునేవారు పెరిగారు. అది తేలిక, దీర్ఘాయుష్షు గలది, నీరు పోసే బెడద లేనిది. కాని నాలుగు 3.2 వోల్టుల సెల్లులతో 12.8 వోల్టులుగా కూర్చిన ఆ బ్యాటరీ దాదాపు చివరి వరకూ ఒకే వోల్టేజీ చూపించి ఒక్కసారిగా పడిపోతుంది. సీసం బ్యాటరీ కోసం లెక్క కట్టిన ఇన్వర్టర్‌కు అది ఎప్పుడు ఖాళీ అవుతుందో అంతు పట్టదు. అందువల్ల లిథియంకు ప్రత్యేకమైన సెట్టింగు ఇన్వర్టర్‌లో ఉన్నదా లేదా అన్నది కొనకముందే తేలాలి. లేకపోతే మా ఇంట్లో జరిగిన స్విచ్చు కథే ఇక్కడ మరింత ఖరీదుగా పునరావృతం అవుతుంది.

తీసేసిన బ్యాటరీ గురించి నాకు ఒక బెంగ ఉంది. అందులోని సీసాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు, కాబట్టి దానికి విలువ ఉంది. ఆ విలువ కోసమే కొందరు ఆమ్లాన్ని కాలువలో పారబోసి, పెట్టెను పగలగొట్టి సీసం తీస్తారు. రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పగల సురక్షిత మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్న పిల్లల మెదడుకు దానివల్ల కలిగే నష్టం తిరిగి పూడేది కాదు. పాతదాన్ని నిలబెట్టి, ఆమ్లం ఒలకకుండా, కొత్తది అమ్మినవారికే అప్పగించడం మనం చేయగలిగిన పని. దాన్ని ఎక్కడికి పంపుతున్నారో అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

తయారీదారులను కోరేవి రెండే. బ్యాటరీ మీద తయారైన నెల, సంవత్సరం సంకేతాక్షరాల్లో కాకుండా ఎవరైనా చదవగల అంకెల్లో ముద్రించాలి, ఎందుకంటే గోదాములో ఛార్జి లేకుండా ఏడాది పడి ఉన్న కొత్త బ్యాటరీ కొత్తది కాదు. రకం మార్చే స్విచ్చును యంత్రం వెనక దాచకుండా ముందుకు తేవాలి, అది ప్రస్తుతం ఏ రకానికి ఉన్నదో దీపం ద్వారా తెలియాలి. బిగించేవారిని కోరేది ఒకటే: పని ముగించి వెళ్లేటప్పుడు తేదీ, స్విచ్చు ఉన్న స్థానం, ఛార్జింగ్ వోల్టేజీ, పూర్తి ఛార్జి తరువాత ఆరు సెల్లుల గ్రావిటీ ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ఇప్పుడు మా ఇన్వర్టర్ పక్కన గోడకు అలాంటి చీటీ అంటించి ఉంది. నెలకు ఒకసారి దాని కింద కొత్త వరుస రాస్తున్నాను. ఈ బ్యాటరీ మూడు నెలలకు ఒకసారి డిస్టిల్డ్ వాటర్ అడుగుతోంది, నేను పోస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు