కొండవీటి కొండ మీద పిల్లలకు ఒక రాత్రి ఇవ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరులో పుట్టి పెరిగి, ఇప్పుడు విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. కొండవీడు కొండ మీద బడిపిల్లలు టెంట్లు వేసుకుని ఒక రాత్రి ఉండటానికి కాస్త చోటు ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం. గదులు వద్దు, రిసార్టు అసలే వద్దు. చదునైన నేల, తాగడానికి మంచినీళ్లు, మరుగుదొడ్లు, రాత్రంతా మెలకువగా ఉండే కాపలా మనిషి ఉంటే చాలు.

మా చిన్నప్పుడు ఘాట్ రోడ్డు లేదు. కొండెక్కాలంటే మెట్ల దారే. డిసెంబరు చలిలో మా స్కౌట్ మాస్టారు మమ్మల్ని తీసుకెళ్లేవారు. బియ్యం ఒకడి వీపున, పప్పు, చింతపండు ఇంకొకడి వీపున, టార్పాలిన్ మోసే వంతు ఎవరిదన్న దగ్గర గొడవ. పైకి చేరాక మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించేవాళ్లం. అన్నం అడుగంటేది, పప్పు పొగవాసన వేసేది, అయినా గిన్నెలో మెతుకు మిగిలేది కాదు.

ఒక్క విషయం మాత్రం ఈనాటికీ కళ్లకు కట్టినట్టుంది. చీకటి పడి అందరం పడుకోబోయే ముందు మాస్టారు టార్చిలైటు పట్టుకుని ఒక్కో టెంటు దగ్గరికీ వచ్చేవారు. సాయంత్రం మేం బిగించి కట్టిన తాళ్లను మాచేతే కొంచెం వదులు చేయించేవారు. నూలు తాడు మంచుకు తడిస్తే ముడుచుకుంటుంది. బిగువు ఎక్కువై తెల్లవారేసరికి మేకులను పీకేస్తుంది. చెప్పి ఊరుకునేవారు కాదు. పొద్దున్నే లేపి, వదులుగా ఉన్న తాడు రాత్రికి రాత్రి ఎలా బిగుసుకుందో వేలు పెట్టి చూడమనేవారు. తరగతిలో విన్న పాఠాలు చాలా మరిచిపోయాను. ఆ తాడు మీద పెట్టిన వేలికి మాత్రం ఆ చల్లదనం ఇంకా గుర్తుంది.

నిరుడు మా నాన్నగారు పోయారు. ఆస్పత్రి, కర్మకాండ, బ్యాంకు కాగితాలు, వీటి మధ్యలోనే ఆఫీసు పని. నిద్ర పట్టేది కాదు. ఇంట్లో ఎవరైనా నాన్న మాట ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. అలాంటి రోజుల్లో ఎందుకో కొండవీడు గుర్తొచ్చింది. గుళ్లు గుర్తుకు రాలేదు, చుట్టాల ఇళ్లు గుర్తుకు రాలేదు. చిన్నప్పుడు పడుకున్న ఆ కొండే గుర్తొచ్చింది.

తెల్లవారుజామున బయలుదేరి, కారు కింద ఆపి, పాత మెట్ల దారినే ఎక్కాను. సీతాఫలాల కాపు అయిపోవచ్చింది. ఎండి నల్లబడ్డ కాయలు ఒకటీ అరా కొమ్మలకు వేలాడుతున్నాయి. చెరువు నిండుగా ఉంది. గట్టు మీద కూర్చున్నాను. చాలాసేపు ఏమీ చేయలేదు. ఫోన్ తీయలేదు, దేవుణ్ణి ఏమీ అడగలేదు. నీళ్ల మీదికి గాలి వచ్చి పోతోంది. ఎన్నో నెలలుగా గుండెల మీద ఉన్న బరువు కొంచెం సర్దుకున్నట్టయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని నాన్న గురించి మాట్లాడాను. ఆయనకు ఇష్టమైన గోంగూర దగ్గర మొదలుపెట్టి, పొద్దుపోయేదాకా ఇద్దరం మాట్లాడుకున్నాం.

మంత్రిగారూ, నేను అడిగే దానికి మూలం ఇదే. పగలు వెళ్లి ఫొటోలు దిగి వచ్చిన చోటు బాగుందని చెప్పుకుంటాం. కష్టం వచ్చినప్పుడు మనసు పరిగెత్తేది మాత్రం మనం ఒక రాత్రి పడుకుని లేచిన చోటికే. అలాంటి చోటు మా తరంలో చాలామందికి ఉంది. మా పిల్లలకు లేదు. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో పొద్దున్న ఐదింటికి లేచి, రాత్రి పదిన్నరదాకా ట్యూబులైటు కింద స్టడీ అవర్‌లో కూర్చునే పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. వాళ్ల టెన్షన్ గురించి సభల్లో అందరం మాట్లాడతాం. వాళ్లలో ఎంతమంది నిజమైన చీకటి చూశారు? ఎంతమందికి తలెత్తితే ఆకాశం నిండా చుక్కలు కనిపించాయి?

పైగా అది మామూలు కొండ కాదు. అద్దంకి నుంచి రాజధానిని రెడ్డిరాజులు ఇక్కడికే తెచ్చారు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం ఇదే. ఇంత ఎత్తున ఒక రాజధాని బతికిందంటే వాన నీటిని ఆపుకోవడం తెలిసినవాళ్లు ఉండబట్టే. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అందుకు సాక్ష్యం. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒక మార్కు వస్తుంది. అదే కొండ మీద పది మందికి అన్నం వండటానికి నీళ్లు మోసిన పిల్లవాడికి నీటి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

మీ అధికారులకు ఉండే భయాలు నాకు తెలుసు. నిప్పు, పాములు, ప్లాస్టిక్. అవి న్యాయమైన భయాలే. గుంటూరు ఎండలకు ఎండిన గడ్డి మీద ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే కార్తీకం నుంచి సంక్రాంతి వెళ్లేదాకా మాత్రమే అనుమతి ఇవ్వండి. చుట్టూ గడ్డి చెక్కించి, రాళ్లు పేర్చిన ఒకే చోట, మీ సిబ్బంది ఎదుట క్యాంప్ ఫైర్ వేసుకోనివ్వండి. కింద నుంచి తెచ్చిన ప్రతి కవరూ లెక్క చూసి మరీ కిందికి దింపించండి. మారేడుమిల్లిలో, బైర్లూటిలో అడవిలో మనుషుల్ని ఉంచిన అనుభవం మీ శాఖకు ఉంది. కొండ కింది ఊళ్లవాళ్లకే వంట సరుకులు, కాపలా పని అప్పగిస్తే వాళ్లకూ నాలుగు డబ్బులు వస్తాయి, పిల్లలకూ దారి తెలిసిన పెద్దలు తోడుంటారు.

ఇంకో మాట. నేను చెరువు గట్టు మీద ఉన్న ఆ రోజే, ఎండ ఎక్కేసరికి కార్లలో ఒక గుంపు వచ్చి పెద్ద స్పీకరు పెట్టింది. కొండ అంతా మోత. కుర్రాళ్లను తప్పు పట్టను, సరదాకే వచ్చారు. కానీ రోడ్డు వేసింది మనం, కాబట్టి ఆ రోడ్డు మీద పైకి ఏం వెళ్లాలో చెప్పాల్సిందీ మనమే. సౌండు బాక్సులను కిందే ఆపించండి. మెట్ల దారిని కూడా బాగు చేయించండి. కారు లేనివాళ్లకూ, నడిచి ఎక్కాలనుకునే పిల్లలకూ అదే దారి.

2022లో జిల్లాలు విడిపోయాక కొండవీడు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. ఫైలు ఏ జిల్లా ఆఫీసులో తిరగాలన్న మీమాంసతో ఈ చిన్న పని ఆగకూడదని నా మనవి. వచ్చే డిసెంబరులోనే ఒక్క శనివారం రాత్రి ప్రయత్నించి చూడండి. మొదటి అవకాశం యడ్లపాడు, ఫిరంగిపురం మండలాల ప్రభుత్వ బడుల పిల్లలకు ఇవ్వండి. కొండ వాళ్ల కళ్ల ఎదుటే ఉంటుంది, పైన రాత్రి గడిపిన వాళ్లు వాళ్లలో ఎందరున్నారో కనుక్కోండి. స్కౌట్ మాస్టర్లను, మీ రేంజ్ అధికారిని కలిపి కూర్చోబెట్టి చోటు ఎంపిక చేయించండి. టెంట్లకు డబ్బు చాలకపోతే చెప్పండి, నాతోపాటు ఆ కొండ ఎక్కిన పాత విద్యార్థులం మా వంతు వేసుకుంటాం.

ఇట్లు,
మీ విధేయుడు,
గుంటూరు పూర్వ విద్యార్థి, ఒకప్పటి స్కౌట్