పత్తర్‌గట్టి వరండా గోడౌన్ కాదు

అయ్యా,

మొజంజాహి మార్కెట్ నుంచి చార్మినార్‌కు నడక మూడు కిలోమీటర్ల లోపే. పాత హైదరాబాద్ కట్టడాలు చూడాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. గాంధీభవన్ మెట్రోలో దిగి, బాగుచేసి 2020లో తెరిచిన మార్కెట్‌ను చూసుకుని దక్షిణంగా అఫ్జల్‌గంజ్‌కు రావాలి. మూసీ మీది నయాపూల్ వంతెనపై పడమటికి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు ఉస్మానియా ఆస్పత్రి, ఎడమచేతి వైపు హైకోర్టు ఒకేసారి కనిపిస్తాయి. రెండింటి రూపకల్పనలోనూ బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ చెయ్యి ఉంది. కోర్టులోకి పాస్ లేనిదే పోనివ్వరు కాబట్టి చూడాల్సింది వంతెన మీంచే. అక్కడ ఆగి చూసే జాగా మాత్రం లేదు.

అసలు చిక్కు మదీనా చౌరస్తా దాటాక, పత్తర్‌గట్టిలో. 1908 వరద తర్వాత ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇక్కడ రోడ్డుకు రెండు వైపులా రాతి కమానుల దుకాణాలు కట్టించింది. కమానుల వెనక వరండా సోకుకు పెట్టింది కాదు. ఎండావానల్లో జనం నడవడానికే. ఇప్పుడు అందులో అట్టపెట్టెలు, బట్టల బొమ్మలు, వాటి ముందు బైకులు. జనం ఆటోల మధ్య నడుస్తున్నారు. తోపుడుబండ్లవాళ్లను తరిమితే ఇది తీరదు; వరండాలో ఉన్నది వాళ్ల సరుకు కాదు.

వ్యాపార వీధిలో అడ్డులేని కాలిబాట రెండున్నర మీటర్లు ఉండాలని, బాట గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. గట్టు ఎత్తయితే వృద్ధులు ఎక్కలేక రోడ్డు మీదే పోతారు. నీడతో సహా సిద్ధంగా ఉన్న ఈ వరండా బాటను వదిలేసి కొత్త టైల్స్‌కు డబ్బు పోయడం దండగ.

ఇంకొకటి. దుకాణదారులు సొంతంగా చేయించే మరమ్మతుల్లో రాళ్ల సందులకు సిమెంటు పూస్తున్నారు. సున్నపు కట్టడానికి సిమెంటు పట్టిస్తే గోడలోని చెమ్మ బయటికి పోలేదు. ఉప్పు పేరుకుని కొన్ని వానాకాలాలకు పూత పెచ్చులుగా లేస్తుంది, పోతూపోతూ పాత సున్నాన్నీ పీక్కుపోతుంది. డంగు సున్నమే, అంటే గానుగలో నూరిన సున్నమే, వాడాలని జీహెచ్ఎంసీ రాతపూర్వకంగా చెప్పాలి. ఏసీ గొట్టాలకు కమానులో రంధ్రాలు వేయడం కూడా ఆపించాలి.

ప్రస్తుతానికి ఈ కమానులు నిండుగా కనిపించేది ఉదయం ఏడింటికి, షట్టర్లు లేవకముందే. మదీనా నుంచి చార్మినార్‌కు ముందొచ్చే మచ్లీ కమాన్ దాకా వరండా ఒక్కటి ముందు ఖాళీ చేయించండి. మిగతా పనులకు టెండర్లు తర్వాత పిలవొచ్చు.

— ఒక పాఠకుడు, అఫ్జల్‌గంజ్, హైదరాబాద్