తెలుగు వార్తల ఫీడ్‌లపై పత్రికలకూ, వెబ్‌సైట్ నిర్వాహకులకూ ఒక మనవి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కాలనీ సంక్షేమ సంఘాలు, గ్రంథాలయాలు, కళాశాలలు నడుపుకునే చిన్న వెబ్‌సైట్లలో ‘తాజా వార్తలు’ అనే పెట్టె కనిపించడం మామూలే. సికింద్రాబాద్‌లోని ఒక పఠన మందిరం వెబ్‌సైట్ బాధ్యత చూస్తున్నవాడిగా, ఆ పెట్టెలో తెలుగు వార్త సవ్యంగా కనిపించాలంటే ఫీడ్ (కొత్త వార్తల శీర్షికలు, సారాంశాలు, లింకులను ఇతర సైట్లు తీసుకునేలా ఉంచే జాబితా) ఇచ్చే పత్రికా, దాన్ని చూపే వెబ్‌సైటూ ఏం చేయాలో మీ ద్వారా తెలియజేయాలనుకుంటున్నాను.

ఫీడ్‌లను రాసే పద్ధతుల్లో ఒకటైన ఆర్ఎస్ఎస్ 1999లో నెట్‌స్కేప్ సంస్థలో మొదలైంది, దానికి 2002లో 2.0 రూపం వచ్చింది. ఫీడ్‌లను ఒకచోట చదువుకునే వీలిచ్చిన గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడ్డాక ఫీడ్‌లకు కాలం చెల్లిందన్న మాట బలపడింది గానీ, అది నిజం కాదు. పాడ్‌కాస్టులు ఈనాటికీ ఆర్ఎస్ఎస్ ఆధారంగానే శ్రోతలకు చేరుతున్నాయి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ పోర్టల్ ద్వారా ఇచ్చే హెచ్చరికలు కూడా ఫీడ్‌గా దొరుకుతున్నాయి కనుక, వానాకాలంలో లోతట్టు బస్తీల సంఘాలు వాటిని తమ వెబ్‌సైట్లలో చూపితే ఎంతో మేలు.

వేరే సైట్ ఫీడ్‌ను ఆ సైట్ అనుమతి లేకుండా బ్రౌజర్‌లోని స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) చదవలేదు కాబట్టి, ఆ పనిని సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ వంటి స్క్రిప్టుకు అప్పగించడమే సరైన పద్ధతి. అయితే పేజీ తెరిచిన ప్రతి ఒక్కరి కోసం స్క్రిప్టు మళ్లీ పత్రిక సర్వర్ దాకా వెళ్లిరావడం రెండు వైపులా నష్టమే. పత్రిక సర్వర్ మీద అనవసర భారం పడుతుంది. అది ఆలస్యం చేస్తే మన పేజీ కూడా తెరుచుకోకుండా ఆగిపోతుంది. పీహెచ్‌పీలో మనం విడిగా గడువు పెట్టకపోతే ఆ నిరీక్షణ 60 సెకన్ల దాకా సాగవచ్చు. పత్రిక ఏజెంటు తెల్లవారుజామున ఒక్కసారి కట్ట దించుకుని వీధంతా పంచినట్టు, ఫీడ్‌ను ఒకసారి తెచ్చి సర్వర్‌లో దాచి, అరగంటో గంటో అందరికీ ఆ ప్రతినే చూపాలి. గడువు తీరాక కూడా ‘మారిందా?’ అని ముందు అడిగితే, మారని పక్షంలో పత్రిక సర్వర్ 304, అంటే ‘మారలేదు’, అనే చిన్న జవాబుతో సరిపెడుతుంది. కొత్త ప్రతి అందనప్పుడు పాత ప్రతినే చూపాలి తప్ప, పాఠకుడి ముందు ఎర్రర్ సందేశం పెట్టకూడదు.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు శీర్షికలను కుదించే చోట వస్తుంది. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు కావాలి. ‘స్త్రీ’ అని మనం ఒకే అక్షరంగా రాసేది కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు, 18 బైట్లు. బైట్ల లెక్కన కోసే ఫంక్షన్ వాడితే శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉన్న నల్లటి డైమండు గుర్తు మిగలవచ్చు. సంకేతాల లెక్కన కోసినా ‘స్త్’ దగ్గర తెగిపోవచ్చు. మన భాష అలా ముక్కలై కనిపించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీనికి మందు చాలా సులువు: కోత ఎప్పుడూ రెండు పదాల మధ్య ఖాళీ దగ్గరే పడాలి.

వేళ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ఫీడ్‌లో సమయం గ్రీన్‌విచ్ లెక్కలో ఉన్నప్పుడు, మన తెల్లవారుజాము నాలుగు గంటల వార్తకు ముందురోజు రాత్రి పదిన్నర అని ఉంటుంది. అయిదున్నర గంటలు కలపని సైట్‌లో ఈరోజు వార్త నిన్నటిదైపోతుంది. ఇక బయటి నుంచి వచ్చిన పాఠాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) గుర్తులు వడకట్టకుండా పేజీలో పెడితే, అందులో హానికర స్క్రిప్టు ఉన్నా నేరుగా పాఠకుడి బ్రౌజర్‌లో నడుస్తుంది. ఫీడ్ ఏ పత్రికదైనా సరే, ఈ వడపోత తప్పనిసరి.

కాపీరైటు పత్రికదేనన్న సంగతి కూడా నిర్వాహకులు మరవరాదు. శీర్షిక, రెండు వాక్యాల సారాంశం, పత్రిక పేరు, అసలు వార్తకు లింకు చాలు. పూర్తి కథనాన్ని ఎత్తి పెట్టుకుంటే విలేకరి కష్టానికి రావలసిన పాఠకులను మనమే మళ్లించినట్టవుతుంది.

ఇక పత్రికలు చేయవలసిన వాటిపై మీకు నా మనవి ఇది. హైదరాబాద్ వార్తలకు విడిగా ఫీడ్ ఇవ్వండి, దాని లింకును మొదటి పేజీలోనే కనిపించేలా పెట్టండి, ఎవరు ఎంతవరకు వాడుకోవచ్చో ఆ పక్కనే తెలుగులో రాయండి. పాఠమంతా యూనికోడ్‌లోనే, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల్లోనే, ఉండాలి. ప్రతి వార్తకూ మారని గుర్తింపు సంఖ్య ఇవ్వండి. అది లేనందువల్లే శీర్షికలో ఒక్క అక్షరం సరిదిద్దినా అదే వార్త మా పెట్టెలో రెండోసారి కొత్తదిగా ప్రత్యక్షమవుతోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్