గ్రీన్ గారి గాలిమర

ఒరేయ్ సత్తీ,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంట్రా అనుకోకు. ఫోన్‌లో అయితే సగంలోనే "సర్లేరా, ఉంటా" అంటావు.

ఇంజినీరింగ్ లెక్కల పేపరు ఎం-2లో మనిద్దరికీ సప్లీ తెచ్చిపెట్టిన గ్రీన్స్ థియరమ్ గుర్తుందా? ఆ గ్రీన్ గారి గాలిమర చూసొచ్చాను. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో, స్నైంటన్ గుట్ట మీద. వాళ్ళ నాన్న రొట్టెల వ్యాపారి, 1807లో కట్టించాడు. కొడుకు జార్జ్ బడికెళ్ళింది ఏడాదో, కాస్త ఎక్కువో. పిండి ఆడిస్తూనే లెక్కలు నేర్చుకుని 1828లో ఓ లెక్కల వ్యాసం అచ్చేయించాడు. ముందే చందా కట్టి కొన్నది 51 మంది! 40 ఏళ్ళకి కేంబ్రిడ్జిలో డిగ్రీకి చేరాడు, 1841లో పోయాడు. భౌతికశాస్త్రవేత్త కెల్విన్ ఆ వ్యాసాన్ని నలుగురి కళ్ళలో పడేసింది ఆ తర్వాతే.

మొదటిసారి వెళ్తే ఆకు కూడా కదల్లేదు, మర నిలబడిపోయింది. రెండోసారి గాలి బాగా కొట్టింది. గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలని మనవాళ్ళు ఊరికే అన్నారా!

ఇటుక గోపురం మీద తెల్లటి టోపీ, దానికి నాలుగు రెక్కలు. టోపీ వెనక చిన్న ఫ్యాన్ ఉంటుంది. గాలి దిక్కు మారితే పక్కనుంచి తగిలి ఆ ఫ్యాన్ తిరుగుతుంది, పళ్ళచక్రాలతో టోపీ మొత్తాన్నీ గాలికి ఎదురు తిప్పుతుంది. రెక్కలు గాలికి సూటిగా రాగానే దానంతటదే ఆగుతుంది. మోటారు లేదు, సెన్సర్ లేదు. 1745 నాటి ఉపాయంరా ఇది!

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం రాళ్ళ దగ్గర. కింది రాయి కదలదు, పైది తిరుగుతుంది, మన తిరగలిలాగే. గింజల తొట్టి కింద వాలుగా ఓ చెక్క దోనె, దాన్ని టకటకా కొడుతూ ఓ ఇనుప కడ్డీ. ప్రతి దెబ్బకీ నాలుగు గింజలు రాయి కంతలోకి రాలతాయి. గాలి పెరిగితే కడ్డీ జోరూ పెరుగుతుంది, గింజలూ ఎక్కువ పడతాయి. ఆ కడ్డీ పేరు డామ్‌సెల్, అంటే అమ్మాయి. నోరు మూయదని పెట్టారట. మా ఆవిడ నావైపు చూసిన చూపు చూడాల్సింది!

తొట్టిలో గింజ తగ్గితే గంట మోగుతుంది. గింజ లేకుండా రాయీ రాయీ రాసుకుంటే నిప్పురవ్వలే. లోపలంతా చెక్క, పిండి దుమ్ము. 1947లో ఈ మర నిజంగానే తగలబడింది, అప్పటికది పిండి మానేసి చాలాకాలమైందనుకో. బాగుచేసి 1986లో మళ్ళీ తిప్పారు.

అక్కడి పిండి ఓ సంచి కొన్నాను. చపాతీలు కాస్త గరుకు, రుచి మాత్రం భలే ఉంది. నువ్వొస్తే చేసి పెడతా, ఆవకాయ మాత్రం నువ్వే తేవాలి.

నీ
శ్రీను