గోదావరి మడ అడవుల పునరుద్ధరణ పనుల సమన్వయం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కాకినాడ దగ్గరి కోరంగి అభయారణ్యం చుట్టూ, గోదావరి గౌతమి పాయల వెంబడి ఉన్న మన సమాఖ్య సభ్య గ్రామాల్లో సాగుతున్న మడ పునరుద్ధరణ పనుల మీద ఈ నివేదిక. జమాఖర్చులు, గ్రామాల వారీ మొక్కల లెక్కలు విడి పట్టికల్లో సంఘాలకు అందాయి, వాటిని మళ్లీ ఇక్కడ ఎత్తిరాయడం లేదు. సర్వసభ్య సమావేశంలో ఎప్పుడూ వచ్చే మొదటి ప్రశ్న ‘ఎన్ని మొక్కలు నాటారు?’ అని. అడగాల్సింది మాత్రం ‘సముద్రపు పోటుకు నీరు ఎక్కడిదాకా ఎక్కింది, పాటుకు (నీరు వెనక్కి తగ్గే వేళకు) ఎంతసేపట్లో దిగింది?’ అని. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పాతరోజుల్లో కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా పంచి, వంతులవారీగా నరికిన చోట్ల నేల ఎండకు ఆరి, కుంగి, పళ్లెంలా పల్లమైంది. అమావాస్య, పున్నమి పోట్లకు ఎక్కిన నీరు తిరిగి దిగే దారి లేక అక్కడే నిలుస్తుంది. వేసవిలో ఆవిరైపోయి ఉప్పును మిగులుస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇలాంటి పర్రల్లో (చెట్టు నిలవని ఉప్పు బయళ్లలో) మట్టి తేమలో దానికి రెండు మూడు రెట్లు పేరుకుంటుంది. ఉప్పును బాగా ఓర్చుకునే తెల్లమడ కూడా 90 గ్రాముల దగ్గర చేతులెత్తేస్తుంది. అలాంటి చోట ఏడాదికొకసారి కొత్త మొక్కలు నాటుతూ పోవడమంటే డబ్బును బురదలో పూడ్చడమే.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామస్తులు కలిసి ఇక్కడ అమలు చేసి చూపిన చేపముల్లు కాలువల పద్ధతినే మనమూ పాటిస్తున్నాం. సహజమైన పాయ నుంచి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పెద్ద కాలువ, దాని రెండు పక్కలా ముళ్లలాగా పిల్ల కాలువలు. పెద్ద కాలువ పైన 2 మీటర్లు, అడుగున 1 మీటరు వెడల్పు, 1 మీటరు లోతు. అంటే 100 మీటర్లకు 150 ఘనపు మీటర్ల మట్టి. పిల్ల కాలువ పైన మీటరున్నర, అడుగున అర మీటరు, లోతు 60 సెంటీమీటర్లు. 100 మీటర్లకు 60 ఘనపు మీటర్లు. కూలి లెక్క కట్టేటప్పుడు ఈ కొలతలే ప్రమాణం. గట్లు నిటారుగా తవ్వితే పని త్వరగా అవుతుంది కానీ మొదటి వరదకే కూలి కాలువ పూడిపోతుంది. పైగా మొక్క నాటేది గట్టు మీద కాదు, ఆ వాలులోనే, సగం ఎత్తున. వాలు లేకపోతే మొక్కకు చోటే లేదు. రెండు వైపులా 2 మీటర్లకొకటి చొప్పున నాటితే 100 మీటర్ల కాలువకు సుమారు 100 మొక్కలు చాలు.

తవ్వకం కంటే ముందు నేల మట్టం, అంటే ఎత్తుపల్లాలు చూడాలి. మేస్త్రీలు వాడే పారదర్శక గొట్టంతో పదిపదిహేను మీటర్ల దూరం వరకు పని జరుగుతుంది, కానీ గొట్టంలో ఒక్క గాలి బుడగ చిక్కుకున్నా రెండు చివర్ల నీరు తప్పు ఎత్తు చూపిస్తుంది. నీరు నింపాక గొట్టాన్ని తట్టి బుడగలు పోగొట్టి, రెండు చివరలూ పక్కపక్కన పెట్టి నీరు సమానంగా ఉందో లేదో చూసుకున్నాకే కొలత మొదలెట్టాలి. అంతకంటే దూరమైతే డంపీ లెవల్ (దుర్భిణితో ఎత్తుపల్లాలు చూసే సర్వే పరికరం) తప్పదు. ఈ పర్రల్లో అరడుగు తేడా చాలు, నీరు వెనక్కి మళ్లకుండా ఆగిపోవడానికి. మట్టం కొలతలు రాసిన పుస్తకం లేని ప్రతిపాదనను సమన్వయ కమిటీ ఇకపై పరిశీలనకు తీసుకోదు.

తవ్విన మట్టి గురించి గట్టిగా చెప్పాలి. గట్టున కుప్పగా పోస్తే అది కరకట్ట అవుతుంది, పోటు నీరు పర్ర మీదికి పరుచుకోదు. ఆ ఎత్తు మీద ముందుగా మొలిచేది సర్కారు తుమ్మ. మట్టిని రెండు పక్కలా పలుచగా పరచాలి, మధ్యమధ్య ఖాళీలు వదలాలి.

నర్సరీల విషయానికొస్తే, 5 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల పొడవు సంచులు, అడుగున, పక్కల రంధ్రాలు, నింపడానికి పాయ ఒడ్డు ఒండ్రు. పోటు తగిలే చోటే మడి కట్టాలి. ఉప్పుపొన్న అనే మడ జాతి కాయ కింద పసుపు పట్టీ కనిపించి, తాకితే ఊడివచ్చినప్పుడే తీయాలి. చెట్టు నుంచి బలవంతంగా లాగినవి సంచిలో కుళ్లుతాయి. తెల్లమడ గింజల్ని నీళ్లలో నానబెట్టి, పై పొర ఊడినవాటిలో పురుగు రంధ్రం లేనివే ఏరుకోవాలి.

నాటాక చచ్చే మొక్కల్లో చాలావాటికి కారణం ఒడ్డునే ఉంటుంది: గేదెలు. తెల్లమడ ఆకు వాటికి ఇష్టం. చుట్టూ కంచె ఖర్చు భరించలేం, భరించినా ఉప్పుగాలికి తీగ తుప్పు పడుతుంది. మేపుకునే చోటు వేరుగా చూపి, కాపరులతో మాట్లాడుకున్న గ్రామాల్లోనే మొక్క నిలుస్తోంది. ఇక లోతట్టు బురద మేటల మీద, అంటే మడ ఎప్పుడూ లేని చోట, ఫొటోల కోసం నాటించే అలవాటును సమాఖ్య సమర్థించదు. అక్కడ రోజులో ఎక్కువసేపు మొక్క మునిగే ఉంటుంది, కాండానికి బార్నకిల్స్ (గుల్ల కట్టుకుని అతుక్కునే సముద్ర జీవులు) పడతాయి, నాచు ఆకుల్ని చుట్టేస్తుంది. పర్యావరణ దినోత్సవమని జూన్ 5న నాటే కార్యక్రమాలు కూడా అంతే. అప్పటికి పర్రల్లో ఉప్పు ఏడాది మొత్తంలో ఎక్కువ స్థాయిలో ఉంటుంది. ఆ రోజు ఊరేగింపు పెట్టుకోండి, మొక్కలు మాత్రం నర్సరీలోనే ఉంచండి.

డబ్బు వచ్చే వేళకూ పనికి అనువైన వేళకూ పొంతన లేదు. దాతల నిధులు మార్చి ముగింపుకి ఖర్చు కావాలంటారు, తవ్వకానికి అనుమతి అప్పటికి రాదు. అభయారణ్యం లోపల అడుగు మట్టి తీయాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి ఉండాలి, అది అటవీ శాఖ ద్వారానే నడుస్తుంది. మడ అడవుల కోసం కేంద్రం 2023లో మొదలుపెట్టిన మిష్టీ పథకం అయిదేళ్లలో తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 540 చదరపు కిలోమీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. అందులో ఉపాధి హామీ, కాంపా (పోయిన అడవికి బదులు అడవి పెంచే నిధి) నిధుల్ని కలిపి వాడుకునే వీలుంది. అందుకే ఇకపై మట్టం, దరఖాస్తు శీతాకాలంలో, తవ్వకం వేసవిలో, వానలకు ఉప్పు కడిగాకే నాట్లు అన్న క్రమం అన్ని సంఘాలకూ ఒకటే. వలలు కట్టే చోట్లు, పీతలు పట్టే దారులు పటం మీద గుర్తించి, మత్స్యకార సంఘం సంతకం తీసుకున్నాకే కాలువ గీత గీయాలి.

ఇండోనేషియా పద్ధతులు చదివిన కొందరు సభ్యులు మనమూ కాలువలకు అడ్డుకట్టలు వేయాలేమో అని అడిగారు. అక్కడి విషయం వేరు. ఆకూ అలమూ కుళ్లకుండా పేరుకున్న పీట్ నేలల్ని కాలువలు తీసి ఎండగట్టడంతో 2015లో పెద్ద ఎత్తున తగలబడ్డాయి. 2016లో వాటి పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థ పెట్టారు, 2020 చివర్లో మడ అడవులనూ దానికే అప్పగించారు. పీట్ నేలలో నీటిమట్టం నేల పైభాగం నుంచి 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదని అక్కడి నిబంధన, అందుకే కాలువలు మూస్తారు. మన పర్రల్లో నీరు కదలాలి, అందుకే తెరుస్తాం. అయితే ఆ హెచ్చరిక మనకూ పనికొస్తుంది: కాలువను అవసరానికి మించి లోతు చేస్తే అష్టమి చిన్న పోట్ల రోజుల్లో బురద ఎండుతుంది, లోపలి గంధకం గాలి తగిలి ఆమ్లమవుతుంది. కాలువ నీరు తుప్పు రంగుకు తిరిగితే వెంటనే తవ్వకం ఆపి, పీహెచ్ కాగితంతో చూసి కమిటీకి తెలపండి.

వచ్చే ఏడాదికి ఒక తీర్మానం మీ ఆమోదం కోసం పెడుతున్నాం. గోదావరి వరద తగ్గగానే కాలువలు పాయలో కలిసే చోట మేట పడుతుంది, తీయకపోతే రెండు మూడేళ్లలో పర్ర మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మూడేళ్ల పూడికతీత ఖర్చు చూపని ఏ ప్రాజెక్టు మీదా సమాఖ్య సంతకం చేయదు. మొక్కల లెక్క కూడా నాటిన రోజున కాకుండా మూడో ఏడాది చివర తీస్తాం. అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే రాతపూర్వకంగా కార్యదర్శికి ఇవ్వగలరు.