ఆరిన దీపం గురించి సత్యానికి ఒక ఉత్తరం

వాంకూవర్,
ఏప్రిల్ 14.

ప్రియమైన సత్యానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. కెనడా జనం చట్టానికి ఇంతగా తలవంచుతారు గదా, అది వాళ్ళ స్వభావమేనా అని కిందటి ఉత్తరంలో అడిగావు. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాయలేకపోయాను. మొన్న ఆదివారం స్టాన్లీ పార్కులో ఒక స్మారక స్తంభం ముందు చాలాసేపు నిలబడ్డాక రాయాలనిపించింది.

ఆ స్తంభం పైన ఒక దీపం ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా తరఫున పోరాడిన, ఇక్కడ స్థిరపడిన జపనీయుల కోసం 1920లో దాన్ని నిలబెట్టారు. ఈ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో సైన్యంలో చేర్చుకోకపోతే వాళ్ళు పక్క రాష్ట్రమైన ఆల్బెర్టా వరకు వెళ్ళి మరీ చేరారు. అలా వెళ్ళిన 222 మందిలో 54 మంది ప్రాణాలు విడిచారు. బతికి వచ్చినవాళ్ళకు ఓటు హక్కు కూడా లేదు. దాని కోసం ఏళ్ళ తరబడి పోరాడితే, 1931లో రాష్ట్ర శాసనసభ ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో ఆ మాజీ సైనికుల వరకు మాత్రం ఇచ్చింది. (మన భారతీయులకూ ఈ రాష్ట్రంలో 1947 దాకా ఓటు లేదు, సత్యం. అందుకే ఈ కథ నాకు పరాయిదిగా అనిపించదు.)

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. ఆ కొద్ది రోజుల్లోనే జపనీయ జాలర్ల పడవలు సుమారు 1,200 స్వాధీనమయ్యాయి. వీళ్ళ వల్ల ప్రమాదమేమీ లేదని పోలీసు, సైనిక ఉన్నతాధికారులే చెప్పినా, ఈ తీరంలోని రాజకీయ నాయకులకు, చేపల వేటలోనూ సేద్యంలోనూ వాళ్ళతో పోటీ పడలేక ఎంతో కాలంగా కడుపుమంటతో ఉన్నవాళ్ళకు ఆ మాట రుచించలేదు. 1942లో సుమారు 22,000 మంది జపనీయులను తీరం నుంచి తరలించారు. వాళ్ళలో ఎక్కువమంది ఈ దేశంలోనే పుట్టినవాళ్ళు. హేస్టింగ్స్ పార్కులో పశువుల ప్రదర్శన కోసం కట్టిన కొట్టాల్లో ఆడవాళ్ళనూ పిల్లలనూ ఉంచి, అక్కడి నుంచి కొండల మధ్య పాడుబడిన గని ఊళ్ళకు, చలికి ఆగని చెక్క గుడిసెలకు పంపారు. ఇంతకీ నేరం ఏమిటంటావా? కెనడాలో పుట్టిన జపనీయుల్లో ఒక్కరి మీదా విద్రోహ నేరం మోపలేదని 1944లో ప్రధాని మెకెంజీ కింగే పార్లమెంటులో ఒప్పుకున్నాడు.

నన్ను ఎక్కువగా కలచివేసింది ఆ తరువాతి సంగతి. వాళ్ళ ఇళ్ళూ పొలాలూ సామానూ భద్రంగా చూస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. అందుకొక అధికారిని నియమించి, ఏ ఇంట్లో ఏముందో పద్దులు రాయించింది. 1943 జనవరిలో మరో ఉత్తర్వు తెచ్చి, యజమానులను అడగకుండానే అన్నీ అమ్మేసింది. ఫ్రేజర్ లోయలోని వందలాది పొలాలను, యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికులకు ఇవ్వడానికని ప్రభుత్వమే కారుచౌకగా తీసుకుంది. వచ్చిన సొమ్ములోంచే ఆ కుటుంబాల చేత శిబిరంలో వాళ్ళ పోషణ ఖర్చు పెట్టించింది. పద్దులున్నాయి, రసీదులున్నాయి, సంతకాలున్నాయి. రాత్రిపూట గోడకు కన్నం వేసిన దొంగ ఒక్కడూ లేడు. చట్టానికి తలవంచే జనమేనా అని అడిగావు గదా, అవును, ఆనాడూ వంచారు. చట్టమే దోపిడీకి దిగినప్పుడు కూడా అలాగే వంచి ఊరుకున్నారు. నా జవాబు ఇదే.

మసుమి మిత్సుయి అనే సార్జెంటు గురించి కూడా చెప్పాలి. 1917లో ఫ్రాన్సులో హిల్ 70 పోరాటంలో చూపిన తెగువకు పతకం పొందినవాడు. ఆ తరువాత పోర్ట్ కోక్విట్లాంలో కోళ్ళ ఫారం పెట్టుకున్నాడు. 1942లో ఆయననూ ఇల్లు వదిలి పొమ్మన్నారు, ఫారం పోయింది. ఆ రోజు తన పతకాలను అధికారి ముందు విసిరికొట్టాడని చెబుతారు. స్టాన్లీ పార్కులోని దీపాన్ని ఆర్పేసింది కూడా ఆ ఏడాదే. చచ్చిపోయిన ఆ 54 మంది ఏం చేశారని ఆర్పారో ఆలోచించే కొద్దీ నాకు మనసు మనసులో ఉండదు.

యుద్ధం 1945లో ముగిసినా తీరానికి తిరిగి రావడానికి వాళ్ళకు 1949 ఏప్రిల్ 1 దాకా అనుమతి దొరకలేదు. ఈలోగా సుమారు నాలుగు వేల మందిని జపానుకు పంపేశారు, వాళ్ళలో ఆ దేశం మొహమే చూడని పిల్లలున్నారు. 1988 సెప్టెంబరు 22న ప్రధాని మల్రోనీ పార్లమెంటులో క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 21,000 డాలర్లు ప్రకటించాడు. ఈ తరలింపులకూ అమ్మకాలకూ ప్రభుత్వానికి అధికారమిచ్చిన పాత యుద్ధకాల చట్టాన్ని కూడా అదే ఏడాది రద్దు చేశారు. తప్పును పేరు పెట్టి ఒప్పుకున్నందుకు ఈ దేశాన్ని నేను గౌరవిస్తాను, కానీ మిత్సుయి ఆ రోజు చూడలేదు. అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు.

దీపాన్ని మాత్రం చూశాడు. 1985లో దాన్ని మళ్ళీ వెలిగించినప్పుడు, తొంభై ఏళ్ళు దాటిన వయసులో ఆయన అక్కడికి వచ్చాడు. మొన్న నేను వెళ్ళేసరికి స్తంభం చుట్టూ చెర్రీ చెట్లు పూసి, రేకులు మెట్ల మీద రాలి ఉన్నాయి. వచ్చే ఏడు నువ్వు వస్తానన్నావు గదా, ఏప్రిల్‌లోనే టికెట్లు తీసుకో.

నీ
రఘు